డాక్టరమ్మ కారు కుడి తలుపు

1974, వానాకాలం. లింగంపల్లి దగ్గర బొంబాయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. అదే నా వర్క్‌షాపు. బండి కిందికి దిగి పని చేయడానికి ఒక గుంత, ఇంజన్ ఎత్తడానికి ఒక చైన్ బ్లాక్, మూలన ఇనుము కోసే ఒక పాత లేత్ మిషను. మా ఊరు మదీనాగూడ. పొద్దున సైకిల్ మీద వచ్చి, చీకటి పడకముందే ఇంటికి పోయేవాణ్ణి. రోడ్డు మీద తిరిగేవి ఎక్కువగా లారీలు, బస్సులు. మా చుట్టుపక్కల సొంత కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి డాక్టరమ్మది.

ఆమె పేరు కామేశ్వరమ్మ. కృష్ణా జిల్లా మనిషి. సర్కారు దవాఖానల్లో ముప్పై ఏళ్ళు కాన్పులు చేసి రిటైరయ్యాక, మా షెడ్డుకు దగ్గరి కాలనీలో కొడుకు ప్రసాదరావు ఇంట్లో ఉండేది. అరవై ఆరేళ్ళ వయసులోనూ తానే కారు నడుపుకుంటూ గోపన్‌పల్లి, కోకాపేట దాకా మట్టి బాటల మీద పోయి కాన్పులు చేసి వచ్చేది. ఆ కారు ఇంగ్లండు నుంచి దిగిన చిన్న నల్ల బండి. అప్పటికే ఇరవై ఏళ్ళది.

ముందు కొడుకు సంగతి చెప్పాలి. ప్రసాదరావు దగ్గరలోని పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. అంతకు రెండేళ్ళ ముందు తన స్కూటర్ చూడమని నన్ను ఇంటికి పిలిపించాడు. గేటు బయట నిలబెట్టాడు. ఎండలో గంటసేపు నిలబడ్డాక లోపలి నుంచే, "అక్కర్లేదులే, సిటీలో చూపించుకుంటాను. పంక్చర్లు వేసుకునే వాళ్ళకి ఇది అర్థం కాదు" అన్నాడు. ఆ గేటు ఆకుపచ్చ రంగుది. కింది కడ్డీ ఒకటి వంగి ఉండేది. నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ మనిషి ఒక సోమవారం నా షెడ్డుకు వచ్చాడు. స్కూటర్ దిగలేదు.

"ఏవయ్యా యాదగిరీ, మా అమ్మ కారు రేపు నీ దగ్గరికి పంపిస్తుంది. రిపేరు కాదని చెప్పు."

"బండిని చూడకముందే ఎట్ల చెప్త సారూ?"

"చూసేదేముంది? స్పేర్ పార్ట్లు దొరకవు. ఈ వయసులో ఆవిడ ఆ డొక్కు వేసుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంటే ఇంట్లో మాకు తిండి సహించట్లేదు. నేను చెబితే వినదు. నువ్వు చెబితే వింటుంది. అయినా అది నీ వల్ల అయ్యే పని కాదుగా, అబద్ధం చెప్పినట్టు కూడా కాదు."

ఆ చివరి మాట లేకపోతే నేనేం చేసేవాణ్ణో తెలియదు. ఆ మాట విన్నాక మాత్రం నాకు ఒకటే దారి కనిపించింది.

"అయితది సారూ. చేసి చూపిస్త" అన్నాను.

నేను ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా చెల్లె లక్ష్మిని కోకాపేట ఇచ్చాం. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి దక్కలేదు. లక్ష్మి కూడా దక్కదనే అనుకున్నాం. ఆ రోజు ఆఖరి గడియలో వచ్చి ఆమెను బతికించింది డాక్టరమ్మే. ఇప్పుడు లక్ష్మికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఆ కారు కదలకపోతే, వానల్లో ఆ బాట మీద డాక్టరమ్మ కోకాపేట చేరేదెట్లా? పగలంతా చేతిలో పని ఉన్నా చెవులు మాత్రం రోడ్డు మీదే ఉండేవి, మా బావ సైకిల్ గంట ఎప్పుడు వినిపిస్తుందోనని.

మర్నాడు బండి వచ్చింది. ముందు చక్రాలు కింగ్ పిన్ అనే లావుపాటి ఇనుప మేకు మీద అటూ ఇటూ తిరుగుతాయి. ఆ మేకు అరిగిపోయింది. దాని చుట్టూ ఉండే ఇత్తడి తొడుగును బుష్ అంటాం. అది సగం లేనే లేదు. స్టీరింగ్ జానెడు తిప్పితే గాని చక్రం కదలడం లేదు. అట్లా ఉత్తగా తిరగడాన్ని మా పనిలో ప్లే అంటారు. బ్రేకు తొక్కితే బండి కుడికి లాగుతోంది. కొత్త పార్టులు దొరకవన్న ప్రసాదరావు మాట నిజమే. నేను లారీ పాత బుష్‌లు తెచ్చి లేత్ మీద కోసి, అరగదీసి, కొలత చూసి, పారేసి, మళ్ళీ కోశాను. వెంట్రుక వాసి తేడా వచ్చినా స్టీరింగ్ బిగుసుకుపోతుంది, లేదా దారి మధ్యలో బుష్ విరుగుతుంది. విరిగితే లోపల ఉండేది ఆమె. కోసిన ప్రతి బుష్‌ను వెలుతురులో పట్టుకుని రెండుసార్లు కొలిచేవాణ్ణి.

డాక్టరమ్మ రోజూ సాయంత్రం గొడుగు వేసుకుని నడుచుకుంటూ వచ్చేది. ముక్కాలి పీట మీద కూర్చునేది.

"ఎప్పటికవుతుంది యాదగిరీ?"

"రెండు రోజులమ్మా."

"మొన్నా రెండు రోజులే అన్నావు. మీ చెల్లెలి కడుపులో బిడ్డ నీ రెండు రోజులు చూసుకుని రాదయ్యా."

తొమ్మిదో రోజు పని పూర్తయింది. ఒక వేలితో తిప్పితే స్టీరింగ్ తిరిగింది. బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు నిలబడింది. ప్రసాదరావు మొహం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూ, కిరసనాయిలు గుడ్డతో బండి తుడవడం మొదలుపెట్టాను.

డ్రైవరు పక్క తలుపు దగ్గర నా చేయి ఆగింది.

చేతికి నల్లగా కందెన అంటింది. ఎడ్లబండి ఇరుసుకు పూస్తారే, ఆ కందెన. సరిగ్గా ఎడ్లబండి చక్రం నడిమి కుండ ఎత్తులో తలుపు పొడవునా గీతలు. ఒక్కసారి పడ్డవి కావు. పాత గీత మీద తుప్పు, దాని మీద కొత్త గీత. ఇంకాస్త పైన సైకిల్ హ్యాండిల్ గీసిన సన్నటి గాట్లు. ఎడమ తలుపు చూశాను. నున్నగా ఉంది.

మన బండ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క అంచనా తప్పి గీసుకోవడం ఎవరికైనా జరుగుతుంది. తన మోచేయి పక్కనే పోతున్న ఎడ్లబండికి రాసుకుని పోయేవాడు ఎవడూ ఉండడు, దాన్ని చూడగలిగితే. ఆ తలుపు పిడికి ఒక ఎర్రటి దారప్పోగు చిక్కుకుని ఉంది. ఎవరి చీర కొంగుదో, ఎవరి తువ్వాలుదో. ఆ మనిషికి ఏమైందో.

తొమ్మిది రోజులు ఆ బండి నా ముందే ఉంది. కొడుకు అన్న మాట మీద కోపంతో చక్రాల కింద దూరి కూర్చున్నాను గాని, ఒక్కసారి బండి చుట్టూ తిరిగి చూడలేదు. మా నాయన ఎద్దును కొనే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. నాకు ఆ పాటి బుద్ధి లేకపోయింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. "జర డ్రైవరు సీట్ల కూసోండ్రి. స్టీరింగ్ సీదా పట్టుకోండ్రి. ముందటికే చూడుండ్రి. చక్రం సెట్టింగ్ చూస్త" అన్నాను. ఆమె కూర్చుంది. నేను కుడివైపు కిటికీకి రెండడుగుల దూరంలో నిలబడి, చేతిలోని స్పానర్ పైకెత్తాను. ఆమె కదలలేదు. ఊపాను. ముందుకు ఒక అడుగు వేసి ఊపాను. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. బానెట్ దాకా వచ్చాక ఉలిక్కిపడి తల తిప్పింది.



"బండిని చూస్తున్నావా, నన్ను చూస్తున్నావా?" అంది.

"ఎన్ని దినాలాయె అమ్మా?"

"కుడి కంట్లో శుక్లం. ఏడాది దాటింది. ఆపరేషన్ అంటే వారాల తరబడి తల కదపకుండా పడుకోవాలి. ఆ తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు. గుడ్డి డాక్టరంటే ఎవరయ్యా పిలుస్తారు? ఎడమ కన్ను బాగానే ఉంది. నెమ్మదిగానే నడుపుతాను."

నేను ఆ దారప్పోగు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బండి తాళం మీకియ్యను" అన్నాను.

"బండి నాది."

"పని నాది. గీ బండిని నేనే గింత మంచిగ జేసిన. ఇగ ఎవరికన్న తాకితే అది నా మీదికొస్తది."

"మరి మీ చెల్లెలి కాన్పుకి నన్నెవరు తీసుకెళ్తారు? మావాడికి కంటి సంగతి తెలిస్తే గేటు దాటనివ్వడు."

అదే నా పరేషాన్. బండి ఇస్తే ఏ పిల్లవాడి మీదికి పోతుందో. ఇవ్వకపోతే కోకాపేటలో నా చెల్లె ఏమవుతుందో. కొడుకుకు చెబితే బండీ ఆగుతుంది, డాక్టరమ్మా ఆగుతుంది. షెడ్డు రేకు మీద వాన మొదలైంది. పీట మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. దొరికింది ఒకటే ఉపాయం. దానికి, చేసి చూపిస్తనన్న నా మాటనే వదులుకోవాలి.

"బండి నేను నడుపుత. మీరు ఎడమ పక్కన కూసోండ్రి" అన్నాను.

"ఎందుకని అడిగితే?"

"నేను చెప్త. కంటి సంగతి నా నోట రాదు, మాటిస్తున్న. మీరేం మాట్లాడకుండ్రి."

మర్నాడు ప్రసాదరావు, ఆయన తల్లి ఇద్దరూ ఉండగా బండిని ఆ ఆకుపచ్చ గేటు ముందు ఆపాను.

"స్టీరింగ్ల ప్లే పూర పోలేదు సారూ. దాని మెళకువ నా చేతికే తెలుసు. వేరేటోళ్ళు పట్టొద్దు. అమ్మ ఎటు పోవాల్నన్నా కబురు పెట్టుండ్రి, నేనొచ్చి నడుపుత."

ప్రసాదరావు నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. "చేసి చూపిస్తానన్నావు. ఇదా? చేసినవాడు తప్ప ఇంకెవడూ నడపలేని రిపేరు. చూశావా అమ్మా, నేను ముందే చెప్పానా లేదా?"

డాక్టరమ్మ కొంగు సర్దుకుంది. నోరు విప్పలేదు. మాట్లాడొద్దని చెప్పింది నేనే, నిజమే. అయినా విప్పలేదు.

నాలుగో రోజు పొద్దున మా బావ సైకిల్ మీద తడుస్తూ వచ్చాడు. డాక్టరమ్మను ఎక్కించుకుని బండి తీశాను. గోపన్‌పల్లి దాటాక బాట మీద మోకాలి లోతు నీళ్ళు. కుడి పక్కన ఎదురొచ్చిన ప్రతి ఎడ్లబండిని చూసి, నా పక్కన కూర్చున్న మనిషిని చూసేవాణ్ణి. ఆమె తన సంచిని ఒళ్ళో పట్టుకుని తల దించుకునేది. బుష్ విరుగుతుందేమో, ఇంజన్‌లోకి నీళ్ళు పోతాయేమో, చెల్లె గడప దగ్గర ఏడుపు వినిపిస్తుందేమో. ఏదీ జరగలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. లోపలి నుంచి బయటికొచ్చి డాక్టరమ్మ, "కాన్పు చేయడానికి రెండు చేతులు, ఒక కన్ను చాలయ్యా" అంది. "బండికి చాలదమ్మా" అన్నాను.

ప్రసాదరావు మాట మాత్రం కాలనీ దాటి రోడ్డెక్కింది. లారీ డ్రైవర్లు గుంత దగ్గర నిలబడి, "ఏం యాదగిరన్నా, రిపేరు జేస్తే బొంబాయి దాంక నువ్వే తోల్తవా?" అనేవాళ్ళు. ఒకాయన తన జీపును మరో షెడ్డుకు తీసుకుపోయాడు. ఎవరెవరు నవ్వారో నాకు పేర్లతో సహా తెలుసు. జవాబు నా నాలుక చివరే ఉండేది. మింగేవాణ్ణి.

ఏడాది తర్వాత నాకు చలిజ్వరం వచ్చింది. అదే రోజు కోకాపేట నుంచి డాక్టరమ్మకు కబురు. వేరే దారి లేక ప్రసాదరావే భయపడుతూ బండి తీశాడు. రెండు రోజుల తర్వాత మదీనాగూడలో మా ఇంటికి వచ్చాడు. ఈసారి స్కూటర్ దిగాడు.

"స్టీరింగ్ వేలితో తిరుగుతోంది" అన్నాడు.

"తిరుగుతది."

"మరి ఎందుకలా చెప్పావు?"

మాటిచ్చాను కాబట్టి చెప్పలేదు. "మీ అమ్మనడుగుండ్రి సారూ" అన్నాను. ఆయన స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే డాక్టరమ్మకు కంటి ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చినా కోకాపేట వాళ్ళు పిలవడం మానలేదు. ఆమె భయం ఉత్తదే అయింది. బండి మాత్రం ఆ తర్వాత కూడా నేనే నడిపాను. ఇంకొకసారి నడపాలని ఆమె అడగలేదు. నేను ఆ గేటు దగ్గరికి పోయినప్పుడల్లా ప్రసాదరావు తానే వచ్చి తలుపు తీసేవాడు. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. తలుపు తీయడం వేరు, మాట వేరు. ఆ రెంటికీ తేడా నాకు తెలుసు.

ఆ బండి నాకు నేర్పింది ఒక్కటే. ముసలివాళ్ళ కారు ఏదైనా నా షెడ్డులోకి వస్తే, బాగు చేయాలా వద్దా అని ఇంట్లోవాళ్ళు ఎంత గొడవ పడుతున్నా, నేను బానెట్ ఎత్తను. ముందు డ్రైవరు పక్క తలుపు మీద అరచేయి రాస్తాను. చేతికి గీతలు తగిలితే, నడిపే మనిషికి కుర్చీ వేసి కూర్చోబెడతాను. బండి సంగతి తర్వాత.