నోట కత్తి కరిచిన దొంగ

ఆర్మూర్ పసుపు యార్డులో నీలవ్వ చేతులు చూసినవాళ్ళు ఆమె ముఖం గుర్తుపెట్టుకోరు. మోచేతుల దాకా పసుపే. పొద్దున వచ్చి గోనెసంచి పరుచుకుని కూర్చుంటే, పొడుగు కొమ్ము కాడి ఒక కుప్ప, గుండ్రటి దుంప గోళ ఒక కుప్ప, పుచ్చింది ఇంకో కుప్ప. సాయంత్రం సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు కాశీరాం నవ్వేవాడు.

"నీకు వేరే పసుపు కుంకుమలెందుకే? యార్డంత నీ ఒంటి మీదనే ఉండె."

అట్లా నవ్విన మనిషే, ఆ పసుపు కుంకుమలు ఉన్నట్టో పోయినట్టో తెలియకుండా చేసి ఏళ్ళకేళ్ళు మాయమయ్యాడు.

కాశీరాం అదే యార్డులో హమాలీ. వానలు లేని ఏడాది యార్డుకు సంచులు తగ్గాయి, మోసేవాళ్ళు మాత్రం తగ్గలేదు. అప్పుడు కాశీరాం, అతని జోడీ అక్బర్, ఇద్దరూ కలిసి బొంబాయి బస్సెక్కారు. మొదట్లో ఎవరి చేతనో రాయించిన కార్డులు వచ్చాయి. తర్వాత అవీ లేవు. అక్బర్ చెల్లెలు కుల్సుమ్ నీలవ్వ ఇంటికి గోడ అవతలే ఉంటుంది, బీడీలు చుడుతుంది. అన్న తప్ప పుట్టింటి వైపు ఆమెకు ఇంకెవరూ లేరు. గోడకు అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ పోస్టుమ్యాన్‌ను తిట్టేవాళ్ళు. పాపం, ఆయన ఆ వీధిలో సైకిల్ బెల్లు కొట్టడమే మానేశాడు.

ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గర వాహబ్ క్యాసెట్ల దుకాణం పెట్టాడు. టీవీ, క్యాసెట్ ఆడించే డెక్కు కిరాయికి ఇచ్చేవాడు. పెద్ద హీరోల క్యాసెట్లు దొరకక తిరిగి పోయేవాళ్ళకు అంటగట్టడానికి అతని దగ్గర ఇంకో రకం ఉండేది. ఒక గుర్రం, ఒక తుపాకి, కొండరాళ్ళు, చెరచబడ్డ ఒక ఆడమనిషి, ఆమె పగ. అట్ట మీద బొమ్మ ఒకటి, లోపల కథ ఒకటి. మగవాళ్ళు దాన్ని నవ్వుకుంటూ తీసుకుపోయి తలుపు మూసుకుని చూసేవాళ్ళు. ఎందుకు మూసుకుంటారో వాళ్ళ పెళ్ళాలకు తెలియదనుకునేవాళ్ళు.

అట్లాంటిదొకటి చూసి, మర్నాడు హమాలీ మేస్త్రి లింగన్న నేరుగా నీలవ్వ కూర్చున్న చోటికి వచ్చాడు.

"నీలవ్వా, మీ కాశీరాం సినిమల ఉన్నడే!"

"ఏం మాట్లాడుతున్నవ్ లింగన్నా? పొద్దుగాల్నే తాగినవా?"

"నీ యవ్వ తోడు. డాకు దొంగ అయిండు. గుర్రమెక్కిండు."

"గాయనకు సైకిలే రాదు, గుర్రమెట్లెక్కుతడు?"

"గది నాకెరుక లేదు. ముఖానికి నల్ల గుడ్డ కట్టుకున్నడు. కానీ సంచి ఎత్తుతుంటే జూస్తి. నువ్వు జూస్తే నువ్వే అంటవ్."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సంచి లాగడానికి హమాలీ చేతిలో ఇనుప కొక్కెం ఉంటుంది. సంచిని వీపు మీదికి తిప్పేటప్పుడు రెండు చేతులూ కావాలి కాబట్టి ఆ కొక్కేన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. నిజామాబాద్ వాళ్ళు నడుముకు దోపుకుంటారు. ఆర్మూర్ వాళ్ళు మాత్రం దాని కట్టె పిడిని పళ్ళతో కరిచి, కుడి భుజం ఒకసారి విదిలించి, అప్పుడు ఎత్తుతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆర్మూర్ హమాలీ ఎక్కడున్నా అట్లాగే ఎత్తుతాడని ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం వాహబ్ టీవీని, డెక్కును రిక్షాలో పెట్టుకుని నీలవ్వ ఇంటికి తెచ్చాడు. కిటికీకి గోనెపట్టా కట్టారు. అత్త భీమవ్వ ముందు వరసలో, నీలవ్వ పక్కన, కుల్సుమ్ గడప దగ్గర. లింగన్న, మిగిలిన వాడకట్టు ఎక్కడ చోటుంటే అక్కడ. సినిమా మొదలవగానే ఒక ఆడమనిషి వాగులో స్నానం చేయసాగింది. భీమవ్వ కొంగుతో కళ్ళు మూసుకుని, "ఛీ ఛీ, గిదేం సినిమారా వాహబూ" అంటూనే, కొంగు పలచగా ఉన్నచోటు చూసుకుని పెట్టుకుంది.

తర్వాత దొంగలు వచ్చారు. పల్లెను దోచారు. ఒక ముసుగు దొంగ ధాన్యం సంచి దగ్గరికి వచ్చాడు. చేతిలో కత్తి. దాన్ని పళ్ళతో కరిచాడు. కుడి భుజం విదిలించాడు. సంచిని వీపు మీదికి తిప్పాడు.

ఇల్లంతా ఒక్కసారి అరిచింది.

"మా ఆయనే!" అని నీలవ్వ లేచి నిలబడింది.

"మా అన్న!" అని గడప దగ్గర కుల్సుమ్ కూడా లేచింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు పూర్తయ్యేలోగా టీవీలో అతను గుర్రమెక్కడమూ, తుపాకి పేలడమూ అయిపోయాయి. ముసుగు దొంగ గుర్రం మీద నుంచి తలకిందులుగా పడి, రాళ్ళ మధ్య కదలకుండా ఉండిపోయాడు.

భీమవ్వ గుండెలు బాదుకుంది. "నా కొడుకో! నా కాశీరామో! నిన్ను గిట్ల జూడనీకెనా నేను బతికిన!" అంటూనే కోడలి చెయ్యి పట్టుకుని గాజులను నేలకేసి కొట్టబోయింది. రెండు గాజులు చిట్లాయి కూడా.

"ఆగు పెద్దవ్వా, ఆగు!" అన్నాడు లింగన్న. "అగో, మళ్ళ లేసిండు సూడు!"

నిజమే. చచ్చినవాడు ఖాకీ బట్టలు వేసుకుని పోలీసు జీపులో నిలబడ్డాడు. ఈసారి ముఖానికి ముసుగు లేదు, పొగ ఉంది. కిందికి దిగి, కర్రను పళ్ళతో కరిచి, భుజం విదిలించి, అడ్డంగా ఉన్న రాయిని తీశాడు. భీమవ్వ కోడలి చెయ్యి వదిలేసింది. కాసేపటికి జీపు తగలబడింది. మళ్ళీ చెయ్యి పట్టుకుంది. ఆఖరున ఆడమనిషి పగ తీర్చుకుంటే ఊరి జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళ మధ్యలో, సగం ముఖానికి రుమాలు చుట్టుకుని, అదే మనిషి. రుమాలు జారబోతే దాని కొసను పళ్ళతో కరిచి, భుజం విదిలించి, గట్టిగా చప్పట్లు కొట్టాడు. భీమవ్వ మళ్ళీ వదిలేసింది.

"సచ్చినోడు ఎట్ల లేస్తడు వాహబూ?"

"గది చిల్లర సినిమా పెద్దమ్మా. పది మందిని పెట్టి పల్లె నింపుతరు. సచ్చిన దొంగనే జరసేపైతే పోలీస్ చేస్తరు."

"అయితే మావోడు సచ్చిండా, పోలీసైండా?"

వాహబ్ వంగి డెక్కులోంచి క్యాసెట్ బయటికి తీశాడు.

"ఆఖర్ల సప్పట్లు కొట్టిండు గద భాయ్," అన్నది కుల్సుమ్. "బతికున్నట్టే గద?"

"గా టేపు మొన్న తెగితే అతికిచ్చిన చెల్లె. ఆఖరి ముక్క గీ సినిమాదో, ఇంకోదాందో నాకే సమజైతలేదు."

ఆ రోజు నుంచి నీలవ్వకు తల తిరగడం మొదలైంది. చావు ముందా, చప్పట్లు ముందా? చచ్చినట్టు నటించాడా, నటిస్తూ చచ్చాడా? గాజులు తీసెయ్యాలా, పోయిన రెండింటి బదులు కొత్తవి వేసుకోవాలా? యార్డు ఆడవాళ్ళను అడిగితే ఒకరు తీయమన్నారు, ఒకరు వద్దన్నారు, ఇంకొకరు మళ్ళీ సినిమా ఎప్పుడు వేస్తారని అడిగారు. నీలవ్వ తన చేతులు చూసుకుంది. గాజులు తీసినా ఈ పసుపును ఎట్లా తీస్తారు?

అంతకంటే పెద్ద చిక్కు గోడ అవతల ఉంది. ముసుగు ఒక్కటే. దాని వెనక కాశీరాం ఉంటే అక్బర్ ఏమైనట్టు? అక్బర్ ఉంటే కాశీరాం ఏమైనట్టు? టీవీలో తనవాడు కనిపించిన ఆడదానికి ఆశ, రెండో ఆడదానికి ఏమీ లేదు.

"ఒడ్డూ పొడుగూ మా ఆయనదే," అని నీలవ్వ గోడ మీదుగా అన్నది.

"నడక మా అన్నది అక్కా. ఎడమ కాలు జర ఈడుస్తడు."

"గుర్రం మీద కూసున్నోని నడక నీకెట్ల కనవడ్డదే?"

"నీకు ముసుగుల ముఖం కనవడంగ లేంది, నాకు నడక కనవడొద్దా?"

ఆ తర్వాత గోడ మీద మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ వేరువేరుగా పోస్టుమ్యాన్‌ను తిట్టుకున్నారు.

వాహబ్ మంచివాడు. బొంబాయి నుంచి క్యాసెట్లు తెచ్చే మనిషిని అడిగి చూశాడు. ఆ కంపెనీకి ఆఫీసే లేదట. పొద్దున్నే కూలీలు నిలబడే, నాకా అనే కూడలి దగ్గరికి లారీ వస్తుంది, దొరికినవాళ్ళను ఎక్కించుకుని రాళ్ళ క్వారీకి పోతుంది, మీసాలు అతికిస్తుంది, సాయంత్రం మీసాలు లెక్కపెట్టి తీసుకుని మళ్ళీ అక్కడే దింపుతుంది. పేర్లు ఎవరూ అడగరట. అది విన్న నీలవ్వ, "మీసాలు లెక్కవెట్టుకుంటరు గని మనుషులను లెక్కవెట్టుకోరా?" అన్నది.

ఆ కంపెనీ సినిమాలు ఇంకా వచ్చాయి. అదే క్వారీ, నుదుట తెల్లమచ్చ ఉన్న అదే గుర్రం. మచ్చ గుర్రం వచ్చిందంటే వాహబ్ యార్డుకు కబురు పంపేవాడు. ఒకదాంట్లో ముసుగు మనిషి ఉండేవాడు, ఒకదాంట్లో ఉండేవాడు కాదు. ఉంటే పళ్ళతో ఏదో ఒకటి కరిచేవాడు, భుజం విదిలించేవాడు, పడిపోయేవాడు. నీలవ్వ పడినప్పుడల్లా ఏడ్చింది, లేచినప్పుడల్లా ముక్కు చీదుకుని యార్డుకు పోయింది. ఏ సినిమా ముందు తీశారో, ఏది వెనక తీశారో వాహబ్‌కూ తెలియదు. కొత్తగా వచ్చిన క్యాసెట్ పాతది కావచ్చునట. అందులో బతికున్నవాడు ఇప్పుడు బతికున్నట్టు కాదట. ఆ మాట చెప్పినందుకు నీలవ్వ వాహబ్‌తో కూడా కొన్నాళ్ళు మాట్లాడలేదు.

మెల్లగా ఆమెకు కాశీరాం ముఖం మసకబారింది. కళ్ళు మూసుకుంటే నల్ల గుడ్డే కనిపించేది.

ఇళ్ళ మీదుగా కేబుల్ తీగలు పాకిన ఏడు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాశీరాం సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. భీమవ్వ కొడుకును కావలించుకుని ఏడ్చింది. నీలవ్వ ఏడవలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"గుర్రం మీదికెల్లి పడ్డప్పుడు దెబ్బ బాగ తాకిందా?"

"ఏ గుర్రం?"

"తెల్లమచ్చ గుర్రం."

కాశీరాం తల్లి వైపు చూశాడు. "గిదేందే అవ్వ, గిట్ల మాట్లాడుతది?"

బొంబాయి పక్కన భివండిలో మగ్గాల దగ్గర ఉన్నాడట. రోగాన పడ్డాడట. ఖాళీ చేతులతో ఏ ముఖం పెట్టుకుని రావాలని ఆగాడట. ఆ మాటల్లో ఎన్ని నిజమో ఆయనకే తెలియాలి. సినిమా సంగతి మాత్రం కొత్తగా విన్నవాడిలా విన్నాడు.

"నేనా? డాకువా? నన్ను జూస్తే నీకు గట్ల కనవడ్తనా?"

"మరి గాడు ఎవడు?"

కాశీరాం చెంబు కింద పెట్టాడు. "అక్బర్ నాకా మీద కూలికి నిలబడేటోడు. నేను భివండి పోయినంక మళ్ళ కలువలే. ఎక్కడున్నడో, ఉన్నడో లేడో, నాకు తెల్వదు నీలా."

నీలవ్వ స్తంభానికి ఆనుకుంది. ఇన్నేళ్ళూ ఏడ్చింది ఎవరి కోసం? తన కన్నీళ్ళతో కుల్సుమ్ అన్నను సాగనంపిందా? నోరు మూసుకుని కూర్చుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ ముసుగు ఇప్పుడు తనది కాదు. తనది కానిది ఇంట్లో ఉంచుకోవడం ఆమెకు చేతకాదు. తిరిగి ఇచ్చేస్తే ఆ మనిషితో పాటు అతని చావులన్నీ ఇచ్చినట్టే. అదీ చేతకావడం లేదు.

చివరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని గోడ చుట్టూ తిరిగి కుల్సుమ్ గడపకు పోయింది. కుల్సుమ్ చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. కాశీరాంను చూసి చేతులు ఆపింది. అతని వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని వీధి చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.

"కుల్సుమ్, గాయన మీవోడే," అన్నది నీలవ్వ. "మొదటి సంది మీవోడే."

"నేను చెప్తే ఇన్నవా అక్కా?"

"ఇనలే. ఏం జేస్తవ్, కొడతవా? కొట్టు."

కుల్సుమ్ కొట్టలేదు. ఆకు ముక్కను వేళ్ళ మధ్య తిప్పింది.

"అక్కా, పడిపోయినోడు మా అన్ననే గద?"

"ఆఁ."

"ఆఖర్ల సప్పట్లు కొట్టేటోడు?"

ఆఖరి ముక్క ఏ సినిమాదో వాహబ్‌కే తెలియదన్న సంగతి కుల్సుమ్ కూడా విన్నది. అయినా అడుగుతోంది. నీలవ్వ మొగుడి వైపు చూస్తే అతను చెప్పులు చూసుకుంటున్నాడు.

"గాయన గూడ మీవోడే," అన్నది గట్టిగా. "గది ఆఖర్లదే. అన్నిటికంటె ఆఖర్లది."

కుల్సుమ్ తల ఊపింది. నమ్మిందో, నమ్మినట్టు ఊపిందో తెలియలేదు. పక్కన చోటు చేసి, "కూసో అక్కా" అన్నది. నీలవ్వ కూర్చుని, తెలియకుండానే ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. తడి ఆకుల మీద పసుపు వేలిముద్రలు పడ్డాయి.

నాలుగు రోజులకు కాశీరాం మళ్ళీ యార్డులో పనికి చేరాడు. నీలవ్వ తన గోనె మీద కూర్చుని కాడి, గోళ వేరు చేస్తోంది. లారీ పక్కన అతను సంచి ముందు నిలబడి, కొక్కెం పిడిని పళ్ళతో కరిచాడు. కుడి భుజం విదిలించాడు.

"పడ్తవ్! ఏయ్, పడ్తవ్!" అని నీలవ్వ కేక పెట్టి లేచింది. ఒళ్ళోని పసుపంతా చెల్లాచెదురైంది.

యార్డంతా నవ్వింది. చదును నేల మీద నిలబడ్డ కాశీరాం, కొక్కెం నోట్లోనే ఉంచుకుని, తన కాళ్ళకింద ఏముందా అని చూసుకున్నాడు.