మూడో అంతస్తు, నాలుగో బాల్కనీ

2006 ఏప్రిల్ 24, సోమవారం, పగలు పదిన్నరకు ఇది మొదలైంది. గోడ గడియారం చూసి రాసుకున్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషంలో మా ఆయన అడ్డపోగు నేసే నాడె విసరడం ఆపాడు. మగ్గం ఆగిన వేళ, మళ్ళీ కదిలిన వేళ నోటుపుస్తకంలో వేయడం పెళ్ళయిన మూడో ఏటి నుంచి నాకు అలవాటు.

దయ్యాలు, గాలి, ధూళి నేను నమ్మను. మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా తాయెత్తు కంటే ముందు థర్మామీటరు పెట్టేది నేనే. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగిన వరుసలో, రాసి పెట్టుకున్నది చూసి చెబుతున్నాను.

మాది గద్వాల. నేత ఇల్లు. మా చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఈ రెండు దారాలనూ నేసేటప్పుడే ఒకదానితో ఒకటి మెలివేసి కలపాలి. దానికి ఒక్క మనిషి చాలడు. మధ్యలో మా ఆయన తిమ్మప్ప, పక్కన నేను. ముప్ఫై ఏళ్ళకు పైగా అట్లాగే కూర్చున్నాం.

ఆయనకు నీటికాసులు. కుడికన్ను అప్పటికి రెండేళ్ళ కిందటే పోయింది. అందుకే నేను ఆయన ఎడమ పక్క నుంచి లేచి కుడి పక్కకు మారాను. ఎడమకంటికి జూన్ ఐదున ఆపరేషన్ చేద్దామని కర్నూలు డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవొచ్చు, నిలవకపోవచ్చు అన్నాడు. అప్పుడు మగ్గం మీద ఉన్నది ఆవపువ్వు రంగు చీర. మెరూన్ అంచు, అంచు పొడుగునా కోటగోడ పళ్ళలాంటి కోటకొమ్మల వరస. మార్చి 20న నిలువు దారాల పడుగు ఎక్కించాం. కంటి వల్ల పని నత్తనడక నడిచేది.

ప్రయాణం కూడా ఆ కంటి కోసమే పెట్టుకున్నాం. మనవరాలు లావణ్యకు తొమ్మిదేళ్ళు. హైదరాబాదు బయట ఒక పార్కు ఉందని, అందులో నీళ్ళ జారుడుబండలు, పెద్ద జెయింట్ వీల్ ఉన్నాయని బడిలో విని వచ్చి తాతకు చెప్పింది. ఆయన ఎన్నడూ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగాడు. "నలభై ఏండ్ల సంది మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని కూసున్న. ఒక్కపారి మీదికెల్లి కిందికి చూడాలె. చూపు ఉండంగనే." ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ వద్దనడానికి నోరు రాలేదు.

జెయింట్ వీల్ ఎక్కితే కంటికి ఏమైనా అవుతుందా అని డాక్టరుకు ఫోను చేసి అడిగాను. ఏం కాదన్నాడు. ఆ మాట కూడా నోటుపుస్తకంలో ఉంది.

పార్కు దగ్గర కుటుంబాలు దిగే హోటళ్ళు మూడు. ఒకటి పార్కు లోపలే, ఒకటి గేటును ఆనుకొని, ఒకటి రోడ్డుకు అవతల. మా అబ్బాయి శేఖర్ ఆ సోమవారం తెచ్చినవి వాటి రంగుల కాగితాలే. మగ్గం పక్కన పరిచాడు. ఇల్లంతా చుట్టూ చేరింది. లావణ్యకు ఏనుగు తొండంలోంచి జారే కొలను ఉన్నది కావాలి. కోడలు సుజాతకు కిటికీలోంచి నీళ్ళు కనబడాలి. శేఖర్‌కు ఏసీ ఉంటే చాలు.

నేను పుస్తకంలో మూడు గడులు గీశాను. గది నుంచి గేటుకు ఎంత నడక, లిఫ్టు ఉందా, మోకాళ్ళ నొప్పుల మనిషికి కుర్చీ దొడ్డి ఉందా, ఐదుగురికి ఎన్ని మంచాలు, మంచం ఎత్తు ఎంత, పొద్దున టిఫిను గదికి వస్తుందా, కిందికి పోవాలా. కాగితంలో లేనివి ఫోను చేసి అడిగాను. మంచం ఎత్తు అడిగేసరికి అవతలి అమ్మాయి నవ్వింది. సుజాత కూడా నవ్వింది.

"అత్తా, నా పెండ్లి సంబంధం గూడ గిన్ని అడిగి చూడలేదు గద నువ్వు."

"అడగకనే గద నువ్వొచ్చినవు" అన్నాడు మా ఆయన.

అందరం నవ్వుతూ ఉండగానే ఆయన రెండో హోటలు కాగితం తీసుకున్నాడు. నేసిన బట్టలో తప్పు వెతికేటప్పుడు పట్టినట్టు దాన్ని ఎడమకంటికి జానెడు దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టాడు. చాలాసేపు చూశాడు.

"గీ బాల్కనీల చీర ఆరేసిండ్రు. మనదే."

కాగితం మీద తెల్లటి కట్టడం, నాలుగు అంతస్తులు, ప్రతి గదికీ ఒక బాల్కనీ. ఏ బాల్కనీలోనూ ఏమీ లేదు. ఏదని అడిగితే వేలు పెట్టి చూపించాడు. మూడో అంతస్తు, ఎడమ నుంచి నాలుగోది. ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు, కోటకొమ్మ అన్నాడు. శేఖర్ చూశాడు, సుజాత చూసింది, లావణ్య చూసింది. దారాలు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి నేను చూశాను. అద్దంలో అచ్చు చుక్కలు కనబడ్డాయి, తెల్లటి కడ్డీలు కనబడ్డాయి, అంతే.

"మామా, మనకంటె ముందు చీర పోయి రూము పట్టిందా ఏంది" అంది సుజాత.

ఆయన నవ్వలేదు. "పమిట మొదట్ల ఒక కొమ్మ తక్కువున్నది. ఎవరు నేసిండ్రో గాని వానికి చూపు ఆనలే" అన్నాడు.

రోజంతా ఒకటే రంగు చూస్తే, కన్ను మూసినా ఆ రంగే కనబడుతుంది. దెబ్బతిన్న కన్ను వేరే చోట కూడా చూపిస్తుందేమో అనుకున్నాను. రెండు విషయాలు మాత్రం రాసుకున్నాను. కాగితం అడుగున చిన్న అక్షరాలలో అచ్చు వేసిన సంవత్సరం 2005, మేం పడుగు ఎక్కించక ముందు. ఇంకొకటి, మగ్గం మీది చీరకు ఇంకా పమిట మొదలే పెట్టలేదు.

నా గడుల లెక్కలో పార్కు లోపలి హోటలే మేలు. ఫోను చేస్తే మే నెలంతా గదులు లేవన్నారు. మూడోదానికి లిఫ్టు లేదు. మిగిలింది రెండోది. ఆయన చెప్పాడని కాదు, మిగిలిందని ఎంచుకున్నాను. మే 13, 14, శని, ఆదివారాలకు గది చెప్పాం. ఫలానా గది అని నేను అడగలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఇల్లంతా తాళం వేసుకొని ఊరికి పోయేటప్పుడు నేతవాళ్ళు పడుగు సడలించాలి, నాడెలు తీసి గూట్లో పెట్టాలి. బిగువు మీద విడిచిపెట్టిన మగ్గం పని అడుగుతదని మా అత్త అనేది. మా కాలంలో ఒక్కసారీ అట్లా వదల్లేదు. మే 13 పొద్దున ఆయన సడలించబోతే నేనే ఆపాను. ఆ చూపుతో మళ్ళీ బిగువు కుదర్చడానికి పూటంతా పడుతుంది, అంచు పక్కకు జరిగితే మెలికలు కలవవు. బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది.

"రెండు దినాలే గద, ఉండనియ్యి" అన్నాను.

"పని అడుగుతదే."

"అడిగితె ఆదివారం వచ్చి చెప్తం తియ్యి."

అప్పటికి ఒళ్ళు రెండు మూరలు, ఆపైన పమిట మిగిలి ఉన్నాయి. పమిటకు నేను చుట్టి పెట్టిన పట్టు కండెలు ఇరవై రెండు, గంపలో. కళ్ళు బాగున్న రోజుల్లో అయినా అది మా ఇద్దరికీ పదకొండు రోజుల పని. ఆరు గంటలకు తాళం వేశాను. రెండు తాళంచెవులూ నా బొడ్లో దోపుకున్నాను.

దారిలో పెబ్బేరు దగ్గర సంత పశువులు అడ్డం పడి బస్సు అరగంట ఆగింది. ఆయన కిటికీ పక్కన కూర్చొని ఒక్కో ఎద్దు రంగూ లావణ్యకు చెబుతూ వచ్చాడు. ఆ రోజు ఆయన అన్నీ చూశాడు, ఏదీ వదల్లేదు.

హోటలుకు చేరేసరికి ఒంటిగంట ఇరవై. కౌంటరు దగ్గర మనిషి తాళంచెవి ఇచ్చాడు. మూడో అంతస్తు. లిఫ్టు ఎక్కకముందు నేను మళ్ళీ బయటికి వచ్చి బాల్కనీలు లెక్కపెట్టాను. ఎడమ నుంచి నాలుగోది. వేరే గది ఇమ్మని అడిగాను. అన్నీ నిండినయి అన్నాడు. బాల్కనీలో ఏమీ లేదు. కడ్డీల మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండకు కాలుతున్నాయి.

నాలుగున్నరకు తాతా మనవరాలూ జెయింట్ వీల్ ఎక్కారు. శేఖర్, సుజాత నీళ్ళ దగ్గర ఉన్నారు. నేను కింద ఆయన చెప్పులు పట్టుకొని నిలబడ్డాను. గది తాళంచెవి నా చేతిలోనే ఉంది. దిగేసరికి నాలుగూ నలభై.

ఆయన ముఖం వెలిగిపోతోంది. "మస్తుగున్నది. ఊరంత మగ్గం మీద పరిచినట్టున్నది." తర్వాత మామూలుగా అన్నాడు. "చీర గూడ అవుపడ్డది. మన బాల్కనీలనే. పూర్తయింది."

నేను లావణ్య వైపు చూశాను.

"అవునవ్వా. నేను గూడ చూసిన. పసుపు చీర. గాలికి ఊగుతుండె."

లావణ్య అబద్ధాలు చెప్పే పిల్ల కాదు. ఆటకు చెప్పిందా అని ఆ తర్వాత మూడుసార్లు, మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ ఒకటే చెప్పింది.

వాళ్ళను అక్కడే కూర్చోబెట్టి నేను గదికి పోయాను. తాళం నేనే తీశాను. బాల్కనీలో చీర లేదు. కడ్డీ కింద గచ్చు మీద మాత్రం నీటి చుక్కలు వరసగా ఉన్నాయి, ఈ చివర నుంచి ఆ చివరకు, తడి బట్ట ఆరేస్తే కారినట్టు. పైబాల్కనీ అడుగు పొడిగా ఉంది. ఏసీ పెట్టె అటు వైపు లేదు. వంగి చూస్తే గంజి వాసన వచ్చింది, మా ఇంటి వాసన. నేను అక్కడ నిలబడి ఉండగానే ఎండకు చుక్కలన్నీ ఆరిపోయాయి. కిందికి వచ్చి, "ఏం లేదు" అన్నాను.

మర్నాడు పొద్దున ఆరూ పదికి ఆయన నన్ను లేపాడు. కిటికీ నిండా ఎండ.

"దీపం వెయ్యవే జర" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయనకు అర్థమైంది. "వెలుతురుందా?" అని అడిగాడు. ఉందన్నాను.

ఆ ఆదివారమే హైదరాబాదులో కంటి దవాఖానకు పరుగెత్తాం. సూదులు వేశారు, చుక్కలు వేశారు, ఒత్తిడి దించారు. నరం ఎండిపోయిందన్నారు. ఆపరేషన్‌తో ఇక పని లేదన్నారు. జెయింట్ వీల్ వల్లనా అని అడిగితే, కాదమ్మా, ఈ జబ్బు చివర ఇట్లా ఉంటుంది, ఇంట్లో పడుకున్నా అయ్యేది అన్నాడు పెద్ద డాక్టరు. శేఖర్ ఇంకో డాక్టరును అడిగాడు. ఆయనా అదే మాట.

సోమవారం పగలు రెండుంబావుకు ఇల్లు చేరాం. మేం లేనిది యాభై ఆరు గంటల పదిహేను నిమిషాలు. ముందు తాళం చూశాను. వేసినట్టే ఉంది. వెనక తలుపు గడియ లోపలి నుంచి ఉన్నది ఉన్నట్టే ఉంది.

మగ్గం మీద చీర లేదు.

ఎవరో చించుకొని పోయినట్టు లేదు. తర్వాతి పడుగు ముడివేయడానికి వీలుగా, పడుగు దారాలు దూరే అచ్చు పలక ముందు కొనలు వదిలి కోశారు. నాలుగు వేళ్ళ మేర. ఈ వీధిలో అందరూ జానెడు వదులుతారు. నాలుగు వేళ్ళు వదిలేది మా ఆయన ఒక్కడే. గంపలో ఇరవై రెండు కండెలూ ఉన్నాయి. వాటి మీద పట్టు లేదు, ఉత్త పుల్లలు. నాడెలు గూట్లో ఉన్నాయి. నేను గూట్లో పెట్టలేదు. బీరువా ముట్టలేదు, ఇంకేదీ పోలేదు.

పక్కింటివాళ్ళను అడిగాను. శనివారం, ఆదివారం మా మగ్గం చప్పుడు వింటూనే ఉన్నారట. ఊరికి పోలేదేమో అనుకున్నారట.

ఆయన తడుముకుంటూ వచ్చి గుంట అంచున కూర్చున్నాడు. కోసిన కొనల మీద వేళ్ళు పెట్టాడు. "నేనే కోసిన" అన్నాడు. ఎప్పుడని అడిగితే, "తెల్వదు" అన్నాడు.

దొంగలు అనుకుందామని ప్రయత్నించాను. ఏ దొంగ పదకొండు రోజుల పని యాభై ఆరు గంటల్లో చేసి, చీర తీసుకొని, లోపలి నుంచి గడియ వేసి పోతాడు? నేను తప్పు రాసుకున్నానా అని పుస్తకం తిరగేశాను. రాసింది సరిగానే ఉంది. పడుగు సడలించి ఉంటే ఏమయ్యేదో అది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మూడేళ్ళయింది. ఆయన మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు. ఆ హోటలు కాగితం నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు పగటిపూట ఆయన అడుగుతాడు. "జర చూడు, ఇంకా ఆరేసే ఉందా?" నేను భూతద్దం తెచ్చి చూస్తాను. తెల్లటి కడ్డీలు, అచ్చు చుక్కలు. ఏమీ లేదంటే ఆ పూట ఆయన అన్నం ముట్టడు. అందుకని కిందటి ఏడు నుంచి, "ఉన్నది, గాలికి ఊగుతుంది" అంటున్నాను. నేను ఎరిగి చెప్పిన తప్పు లెక్క అదొక్కటే. "ఆరనియ్యి" అంటాడు ఆయన.

ఇది ఎట్లా జరిగిందో నాకు తెలియదు. పోయినవి ఇవి.

మా ఆయన ఎడమకంటి చూపు.

ఆవపువ్వు రంగు చీర ఒకటి, మెరూన్ అంచుది. పమిట మొదట్లో ఒక కొమ్మ తక్కువట. నేను చూడలేదు.

పట్టు, ఇరవై రెండు కండెలది.

మగ్గం దగ్గర నా ఎడమ పక్కన మనిషి.