మ్యాచింగ్ సెంటర్ అన్న

సైకిళ్ల గ్రూపులో నన్ను ఏడు నెలలు అన్నా అని పిలిచినారు. మొదటి రోజే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మార్కాపురంలో మాది మ్యాచింగ్ సెంటర్. లైనింగ్ గుడ్డలు, చీర ఫాల్సులు, బటన్లు, జిప్పులు, దారాలు, కుట్టు మిషన్లకు కావలసిన చిల్లర సామాన్లు అమ్ముతాం. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తినప్పటి నుంచి కౌంటరు దగ్గర నేనే ఉంటాను. మా ఇంటాయన సరుకు తెచ్చే పని చూసుకుంటాడు. మిగతా టైములో పక్క దుకాణం వాళ్లతో కూర్చుని రాష్ట్రం సంగతి చూసుకుంటాడు.

నలభై నాలుగో ఏట డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి రోజూ నడవమంది. నడిచినాను. మూడు వారాలకు మడమ నొప్పి పట్టుకుంది. మళ్లీ పోయి చెప్తే, "అయితే నడవొద్దు. అట్లని ఊరికే కూర్చోవద్దు" అంది. ఈ రెండింటికీ మధ్యలో ఏముంటుందా అని ఆలోచించుకుంటా ఇంటికొస్తే వరండాలో మా అమ్మాయి సైకిలు కనపడింది. ఆ పిల్ల ఇంటరుకు హాస్టల్లో చేరినప్పటి నుంచి దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం.

సైకిలు తొక్కడం నాకు వచ్చు. చిన్నప్పుడు నాయన సైకిలు చట్రం మధ్యలో నుంచి కాలు దూర్చి తర్లుపాడు రోడ్డు మీద నేర్చుకున్నాను. పెద్దమనిషినైనాక మానిపించినారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. సైకిలుకు తాళం వేసి తాళంచెవి పైన గూట్లో పెట్టినారు, అంతే.

తువ్వాళ్లు తీసేసి, గాలి కొట్టించుకుని, పొద్దున్నే ఊరి చివరిదాకా పోయి రావడం మొదలుపెట్టినాను. నాలుగో రోజు చైను ఊడింది. సైకిలు షాపు కౌంటరు మీద, అద్దం కింద ఒక కాగితం ఉంది. ఫోనుతో స్కాన్ చేస్తే మన ప్రాంతం సైకిళ్ల వాట్సాప్ గ్రూపులో చేరొచ్చని రాసుంది. షాపాయన చైను ఎక్కించేలోపు చేరిపోయినాను.

నా ఫోనులో నా పేరుండదు, దుకాణం పేరుంటుంది. ఫొటో, మా షట్టరుకు ఆనించి పెట్టిన సైకిలు హ్యాండిలు. చేరిన నిమిషానికి అడ్మిన్ "వెల్‌కమ్ అన్నా" అని పెట్టినాడు. వెనకాలే పదకొండు మంది "వెల్‌కమ్ అన్నా", "నమస్తే అన్నా" అన్నారు. అంతమందిని దిద్దడం ఎందుకులే అనుకున్నాను. సాయంత్రానికి నేను మ్యాచింగ్ అన్నను అయినాను.

అడ్మిన్ గిద్దలూరులో బ్యాంకు ఉద్యోగి. సన్న టైర్ల గేర్ల సైకిలు, తొక్కిన ప్రతి దారినీ ఫోను గీత గీసి చూపిస్తే గ్రూపులో పెడతాడు. మార్కాపురం నుంచి ఒక రిటైరైన డ్రిల్లు సారు, నల్ల సైకిలు, ప్రతిదానికీ ఒక రూలు. పామూరు నుంచి ఒకాయన, పొట్ట తగ్గడానికి చేరినానని ఆయనే చెప్పుకున్నాడు. ముండ్లమూరు రైతు ఒకాయన రోజూ మిరప చేను ముందర సైకిలు ఆపి ఫొటో పెడతాడు. దాని మీద ఆయన ఎక్కి ఉండగా ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మాటలు ఇట్ల నడిచేవి. అడ్మిన్, "ఈరోజు ఎదురుగాలి చంపేసింది" అని పెడతాడు.

"గాలి అందరికీ ఒకటే" అంటాడు డ్రిల్లు సారు.

"సార్, నాకు పోయేటప్పుడూ ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే" అంటాడు పామూరాయన.

"అయితే అది గాలి కాదు నాయనా, నీ పొట్ట."

నేను చాలా రోజులు చదవడమే. ఒకరోజు ఎవరో చైను కిర్రుమంటోంది, ఏం పొయ్యాలని అడిగినారు. కొబ్బరినూనె అన్నారు, ఇంజనాయిలు అన్నారు, ఒకరు ఆముదం అన్నారు. ఆముదం అన్నాక నేను ఊరుకోలేకపోయినాను. "కుట్టు మిషను నూనె వెయ్యండి. పల్చగా ఉంటుంది, దుమ్ము పట్టదు. కానీ వారానికోసారి తుడిచి మళ్లీ వెయ్యాల" అని పెట్టినాను. వారం తర్వాత నాలుగు చైన్ల సప్పుడు ఆగిపోయిందని గ్రూపులో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి హ్యాండిలు వణికినా, బ్రేకు కీచుమన్నా, "మ్యాచింగ్ అన్న ఏమంటాడు?" అనడం మొదలైంది. తెలిసినవి చెప్పేదాన్ని. తెలియనివి సైకిలు షాపాయన్ను అడిగి చెప్పేదాన్ని. తప్పు చెప్పినప్పుడు, "అన్నా, నీ సలహా తగలెయ్య, బ్రేకు ఊడి చేతికొచ్చింది" అని తిట్టేవాళ్లు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు ఆ తిట్లు మళ్లీ తీసి చదువుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పామూరాయన విడిగా మెసేజి పెట్టినాడు. "అన్నా, మగోళ్ల మధ్య మాట. నవ్వొద్దు." ఇరవై మైళ్లు తొక్కితే తొడల మధ్య ఒరుసుకుపోయి కూర్చోలేకపోతున్నాడు. ఇంట్లో చెప్పలేడు, డాక్టరుకు చూపించలేడు.

నవ్వలేదు. అది కుట్టు సమస్య. ప్యాంట్లో నాలుగు కుట్లు ఒకచోట కలిసి ముడి పడతాయి, మనిషి బరువంతా ఆ ముడి మీదే పడుతుంది. ఆ ముడి తీసేయించి, వజ్రం ఆకారంలో సాగే గుడ్డ ముక్క ఒకటి వేయించుకుని, కుట్టు చదునుగా కొట్టించుకోమని బొమ్మ గీసి పంపినాను. పది రోజులకు ఆయన గ్రూపులో, "మ్యాచింగ్ అన్న మనిషి కాదు, దేవుడు" అని పెట్టినాడు. ఎందుకో చెప్పలేదు. అందరూ దండాలు పెట్టినారు.

తర్వాత నెలలో అడ్మిన్‌కు మార్కాపురంలో ఏదో పని పడి మా దుకాణం వెతుక్కుంటా వచ్చినాడు. నేను నేల మీద కూర్చుని లైనింగ్ తాన్లు సర్దుతున్నాను. కౌంటరు దగ్గర మా ఇంటాయన పేపరు చదువుతున్నాడు.

"అన్నా, నేను. గిద్దలూరు!"

మా ఇంటాయన ఎవరొచ్చినా ఒకటే మాట అంటాడు. "రా రా, కూర్చో" అన్నాడు.

"మీరు చెప్పిన నూనే వాడుతున్నా అన్నా. సప్పుడే లేదు."

"మంచిది."

"మొన్న ఆదివారం ఎంత తొక్కినారు?"

మా ఇంటాయన నా వైపు చూసినాడు. నేను గుడ్డ తాను వైపు చూసినాను. "ఏదో, మనకు చేతనైనంత" అన్నాడు.

"గొప్పోళ్లు ఇట్లనే అంటారు" అని అడ్మిన్ టీ తాగి, ఆయనతో సెల్ఫీ దిగి, నాకు కూడా మర్యాదగా తలూపి పోయినాడు.

"ఎవరు అతను? నేనేం తొక్కినాను?" అన్నాడు మా ఇంటాయన. మొత్తం చెప్పినాను. అంతా విని, "అయితే నేనిప్పుడు గ్రూపులో ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

సాయంత్రానికి సెల్ఫీ గ్రూపులోకి వచ్చింది. ఇంత నిదానస్తుణ్ణి చూడలేదని రాసినాడు అడ్మిన్. రెండో రోజు డ్రిల్లు సారు బజార్లో మా ఇంటాయన్ను పట్టుకుని, ఆదివారం పొద్దున అందరం పెద్దారవీడు పోతున్నాం, రాకపోతే ఊరుకోనన్నాడు. మా ఇంటాయన సైకిలెక్కి పదిహేనేళ్లయింది. ఇంటికొచ్చి, "నువ్వు చెప్తావా, నన్ను తొక్కమంటావా?" అన్నాడు.

ఆదివారం ఊరి బయట టీ బంకు దగ్గరికి పోయినాను. ఆరుగురున్నారు. మా అమ్మాయి సైకిలు గులాబీ రంగు, ముందర బుట్ట.

అన్న వాళ్ల ఇంటామె అని అడ్మిన్ చెప్తే, డ్రిల్లు సారు, "ఏమ్మా, అన్నకు ఒంట్లో బాగలేదా? చెప్పిపోదామని వచ్చినావా?" అన్నాడు.

"లేదు సార్. గ్రూపులో ఉండే అన్నను నేనే."

టీ బంకాయన ఒక్కడే నవ్వినాడు, ఆయన గ్రూపులో లేడు.

"నూనె సంగతి చెప్పింది?" అన్నాడు సారు.

"నేనే."

"బ్రేకు ఊడగొట్టించింది?"

"అదీ నేనే."

"మరి సెల్ఫీలో ఉన్నాయన?"

"మా ఇంటాయన సార్. ఆయనకేం తెలియదు."

పామూరాయన ముందు రోజే వచ్చి చుట్టాలింట్లో దిగినాడంట. ఆయన తన సైకిలు ముందు టైరును బొటనవేలితో ఒత్తి చూస్తున్నాడు. ఒత్తుతానే ఉన్నాడు. దాంట్లో గాలి సరిపోయినంత ఉంది. నాకు కనపడుతానే ఉంది.

"సరే, ఎండెక్కుతుంది. కదలండి" అన్నాడు సారు.

కదిలినాం. నన్ను మధ్యలో పెట్టినారు. ముందర ముగ్గురు, వెనక ముగ్గురు. నేను మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా. దేవుడి పటాన్ని ఊరేగిస్తున్నట్టుంది. పెద్దారవీడు దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వస్తే ఆగినాం. మందను తోలే ఆమె అందర్నీ చూసి, ఎక్కడికి పోతున్నారని నన్నడిగింది.

"ఊరికే" అన్నాను.

"ఊరికే ఇంత దూరమా? వీళ్లంతా నీకేమైతారు?"

అంతలో గొర్రెలు దాటిపోయినాయి, మళ్లీ పెడలు మీద కాలు పెట్టినాను.

ఇంటికొచ్చి ఫోను చూస్తే పామూరాయన గ్రూపులో నుంచి వెళ్లిపోయినాడు. అడ్మిన్ ఒక ప్రకటన పెట్టినాడు: గ్రూపులో లేడీస్ ఉన్నారు, సభ్యులు మర్యాద పాటించాల. కింద అందరూ మేడమ్ గారూ, మేడమ్ గారూ. ఒంటరిగా పోవద్దు మేడమ్. చున్నీ చక్రంలో పడుతుంది మేడమ్. సార్‌ను తోడు తీసుకుపోండి మేడమ్. తర్వాత పదకొండు రోజులు గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీలు, ముండ్లమూరు మిరప చేను తప్ప ఏమీ రాలేదు.

నేను మర్యాద ఎరగనిదాన్ని కాదు. దుకాణంలో పొద్దున నుంచి సాయంత్రం దాకా అందరూ మర్యాదగానే పలకరిస్తారు. ఇంట్లో, పెళ్లిళ్లలో, ఎక్కడైనా అంతే. నన్ను తమలో ఒకరిగా అనుకుని తిట్టింది ఆ గ్రూపొక్కటే. అది పోయింది. ఒక రోజు బయటికి కూడా పోకుండా పడుకున్నాను. మా ఇంటాయన వచ్చి, "నేనే తొక్కి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆయన నిజంగానే అన్నాడు.

పన్నెండో రోజు అడ్మిన్ ఎప్పటిలాగే గీత పెట్టినాడు. కంభం పోయి గిద్దలూరు తిరిగొచ్చినట్టుంది. పోవడానికి గంటన్నర, రావడానికి అరగంట. రెండుసార్లు చూసినాను. తర్వాత రాసినాను: "అడ్మిన్ గారూ, కంభం నుంచి అరగంటలో వచ్చినారు. మీరు సైకిలు మీద వచ్చినారా, సైకిలూ మీరూ కలిసి లారీ మీద వచ్చినారా?"

మెసేజి చదివిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి.

డ్రిల్లు సారు పెట్టినాడు. "వెనకగాలి అయ్యుంటుంది."

ఇంకొకరు, "గాలికి నంబరు ప్లేటు ఉందా సార్?"

అడ్మిన్, "అక్కా, నిజం చెప్తున్నా, పంక్చరైతే లారీ ఆయన ఎక్కించుకున్నాడు. యాప్ ఆపడం మర్చిపోయినా" అన్నాడు.

"యాప్ మర్చిపోయినావు సరే. పంపు ఎందుకు మర్చిపోయినావు?" అన్నాను. అప్పుడు మొదలైంది. వెనక్కి ఆరు నెలల గీతలన్నీ తవ్వి తీసినారు. ఎవరో అడ్మిన్‌కు లారీ అన్న అని పేరు పెట్టినారు. మధ్యాహ్నం దాకా నేను లైనింగ్ కొలవడంలో రెండుసార్లు తప్పు చేసినాను.

అదే రోజు పామూరాయనకు విడిగా రాసినాను. "తమ్ముడూ, ఇరవై ఏళ్ల నుంచి ప్యాంట్ల కుట్ల గురించి రోజూ మాట్లాడుతున్నాను. నీది మొదటిది కాదు. కుట్టు సరిగా వచ్చిందా లేదా, అది చెప్పు."

రెండు రోజులు పట్టింది. "వచ్చిందక్కా" అన్నాడు. గంట తర్వాత ఇంకోటి వచ్చింది. "ఎడమ పక్క కొంచెం లూజు." ఎట్ల బిగించాలో చెప్పినాను. అడ్మిన్ ఆయన్ను మళ్లీ చేర్చినాడు. ఎందుకు పోయినావని ఎవరూ అడగలేదు. ఫోను మారింది అని ఆయనే చెప్పినాడు.

చలికాలంలో గిద్దలూరు ఘాటు ఎక్కుదామన్నారు. నంద్యాలకు పోయే ఆ రోడ్డు నల్లమల మీద మలుపులు తిరుగుతా ఎక్కుతుంది. నా సైకిలును ట్రాలీ ఆటోలో గిద్దలూరు దాకా తీసుకుపోయి అక్కడి నుంచి తొక్కినాను. మూడో మలుపు దగ్గర కాళ్లు మొరాయించినాయి. దిగి తోసుకుంటా నడుస్తుంటే వెనక నుంచి డ్రిల్లు సారు కూడా దిగినాడు.

"నీ కోసం కాదమ్మా. నా గుండె కోసం" అన్నాడు.

కొంతదూరం ఇద్దరం నడిచినాం. వెదురు పొదల్లో ఏదో పిట్ట అరుస్తోంది. ఆయన ఉన్నట్టుండి అన్నాడు. "ముప్పై ఏళ్లు డ్రిల్లు చెప్పినాను. మగపిల్లల్ని గ్రౌండులో పరిగెత్తించినాను. ఆడపిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి క్యారమ్స్ ఆడుకోమన్నాను. ఎండ కదా అని."

"మా బడిలోనూ అంతే సార్."

"మీ బడి అంటే... నేను చెప్పిన బడేనా?"

"కాదు సార్. వేరే."

ఆయన అడుగు కొంచెం తేలికైంది. నాలుగడుగులేసి మళ్లీ ఆగినాడు. "వేరే అయితే మాత్రం ఏముంది. అక్కడ కూడా నాలాంటోడే ఉన్నాడు కదా" అన్నాడు.

"నాకు క్యారమ్స్ బాగా వచ్చు సార్" అన్నాను. ఆయన తలూపినాడు.

రోడ్డు కొంచెం చదునైన చోట ఇద్దరం మళ్లీ ఎక్కినాం. ఒక లారీ మమ్మల్ని దాటుకుంటా హారన్ కొట్టి పోయింది. పైన మిగతా వాళ్లు రాళ్ల మీద కూర్చుని అరటిపళ్లు తింటున్నారు, పామూరాయన నాకు రెండు తీసి పెట్టినాడు. తిని, నీళ్లు తాగినాక, దిగేటప్పుడు బ్రేకులు ఎట్ల పట్టుకోవాలో డ్రిల్లు సారు ఐదు రూల్సు చెప్పినాడు. వాటిలో రెండు పాటించినాను.