ఓబిరెడ్డి తాగిన గంజి

1981 ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి నల్లమాడలో బస్సు దిగాను. జిల్లా చరిత్ర సంపుటి కోసం పెద్ద కుటుంబాల వంశాలు సేకరించడం అప్పట్లో నా ఉద్యోగం. హోదా పరిశోధన సహాయకుడు. గుమాస్తాకు పైన, జీపుకు కింద.

దగ్గరి పల్లెలో గంగిరెడ్డి సమితి ఎన్నికల్లో నిలబడబోతున్నాడు. వందేళ్ల కిందటి ధాత కరువులో తన ముత్తాత ఓబిరెడ్డి పాతర తెరిచి ఊరంతటికీ గంజి పోశాడని సంపుటిలో రావాలని ఆయన కోరిక. ఇంటివాళ్ల మాట ఒక్కటే చాలదని మా నిబంధన. ఆ ఇంటి వంశం చెప్పే హక్కు ఉన్నవాణ్ణి కూడా వినాలి. అతను మద్దిలేటి. తరతరాలుగా వాళ్లకు అదే వృత్తి. ఏటా కళ్లం దగ్గర రెడ్లు పెట్టే గింజలే అతని ఇంటికి తిండి.

కరువులో ఓబిరెడ్డి సర్కారు పెట్టిన గంజి కేంద్రంలో గంజి తాగి బతికాడని గంగిరెడ్డి ఇంట్లో, ఆయన ఎదుటే మద్దిలేటి మామూలుగా చెప్పాడు.

“ఏమప్పా, తాగినాడా? పోసినాడని చెప్పు,” అన్నాడు గంగిరెడ్డి.

“చెప్తా అన్నా. ఆ వరసలోనే మీ వియ్యంకుని ముత్తాత గూడా ముంత పట్టుకోని కూర్చుని ఉండాడు. మీరు పోసినారని చెప్తే, ఆయన మీ గంజి తాగినాడని చెప్పినట్ల. ఆ ఇంటికి గూడా వంశం చెప్పేది నేనే కదా!”

“సాయంత్రం బంధువులంతా వస్తారు. పోసినాడనే చెప్పల్ల. లేదంటే ఇంక కళ్లం కాడికి రావద్దు.”

సాయంత్రం గంగిరెడ్డి వాకిట్లో, బంధువుల ముందు మద్దిలేటి గొంతెత్తి మూలపురుషుడి నుంచి పేర్లు చెప్పుకొచ్చాడు. ఓబిరెడ్డి తండ్రి వచ్చాడు. వెంటనే ఓబిరెడ్డి కొడుకు వచ్చాడు. ఓబిరెడ్డి రాలేదు. తండ్రి నుంచి కొడుక్కి పాతికేళ్లని మా శాఖ లెక్క. ఆ పాతికేళ్లు ఖాళీగా ఉండిపోయాయి. లేనిది చెప్పడం అతని వృత్తిలో తప్పు. మానేయడం తప్పు కాదు.

వియ్యంకుడు తలెత్తాడు. “ఏం బావా, తండ్రి లేకుండానే పుట్టినాడా మీ తాత?”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గంగిరెడ్డి లేచి నిలబడ్డాడు. “యాల లేడప్పా, ఉండాడు! గంజి తాగి బతికినాడు. మీవోని పక్కనే కూర్చోని తాగినాడు!”

వియ్యంకుడి నవ్వు ఆగిపోయింది. నేను రాసుకున్నాను.

మా పై అధికారి దాన్ని సవరించి, ఓబిరెడ్డి కరువు నివారణ చర్యల్లో పాల్గొన్నాడని అచ్చు వేయించాడు. గంగిరెడ్డి గెలిచాడు. మద్దిలేటిని ఆ ఏడు కళ్లం దగ్గరికి రానివ్వలేదు, ఆ తర్వాతా రానివ్వలేదు. కొన్నేళ్లకు అతను పోయాడు. నాకు ఆలస్యంగా తెలిసింది.

గంజి తాగిన ముత్తాతను ఏ కుటుంబమైనా చివరికి ఒప్పుకుంటుంది, ఒప్పించినవాణ్ణి మాత్రం క్షమించదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది.

ఆ పల్లెలో ఇప్పుడు ఎవరూ వంశం చెప్పించుకోరు.