తాళాల పేట

"బస్సు మాట్లాడింది నువ్వు. ఎక్కించింది నువ్వు. ఇప్పుడు ఆరోగ్య కేంద్రం పక్క పేటకి పోయిందని మమ్మల్ని కూర్చోబెట్టి క్లాసు పీకేది కూడా నువ్వేనా దోన్యా సబీనా?"

"క్లాసు కాదు సిర్పా. జరిగింది చెబుతున్నా."

"జరిగింది మాకు తెలీదా? బస్సులో నా పక్కన కూర్చుని, రొట్టెల మూట నా ఒళ్లో పెట్టి, గుర్రుపెట్టి నిద్రపోయింది ఎవరు?"

"నేనే. నీ ఒళ్లో అయితే రొట్టె చల్లారదనుకున్నా."

ఫుట్‌బాల్ కోర్టు చుట్టూ కూర్చున్న జనం నవ్వారు. ఇటుకల కొట్టు సిర్పా నవ్వలేదు. కాండెలారియా పేటలో సభకి రానివాళ్లకి జరిమానా వేస్తారు. అందుకని అందరూ వస్తారు. వచ్చిన కసి అధ్యక్షురాలి మీద తీర్చుకుంటారు. అమ్మగారూ అన్నట్టు అందరూ దోన్యా అని పిలిచే సబీనా చుకిమియా ఆ పదవిలో ఎంతకాలంగా ఉందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. దిగిపొమ్మని ప్రతి ఏడూ అరుస్తారు. సరే, ఎవరు తీసుకుంటారని ఆమె అడుగుతుంది. అప్పుడు అందరికీ ఒకేసారి దగ్గొస్తుంది.

బొలీవియాలో ఎల్ ఆల్తో నగరం చివర ఈ పేట ఉన్నచోట ఒకప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. కోల్చపాంపా ఊరివాళ్లు వచ్చి కర్రలు పాతి, ఇది మాదన్నారు. అందులో ఒక కర్ర సబీనాది. పగలు మినీబస్సులు ఆగేచోట ఊదా మొక్కజొన్న గంజి అమ్మింది, సాయంత్రం మున్సిపాలిటీ మెట్ల మీద కూర్చుంది. కరెంటు అలాగే వచ్చింది, మురుగు గొట్టాలూ అలాగే వచ్చాయి. ఆమె ఏనాడూ గొంతు పెంచలేదు, అలాగని లేచి వెళ్లనూ లేదు. ఆ మెట్లు ఊడ్చే మనిషి చివరికి ఆమెని కూడా కలుపుకునే ఊడ్చేవాడని చెప్పుకుంటారు.

ఆరోగ్య కేంద్రం మాత్రం రాలేదు. సబీనాకి కావాల్సింది అదే. ఆమె భర్త తియోదోసియోకి చక్కెర జబ్బు. ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు, పుండు మానడం లేదు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. దానికోసం కింద లోయలో ఉన్న లా పాస్ నగరం దాకా వెళ్లాలి. అతను మినీబస్సు ఎక్కేలోపు డ్రైవరు ఇంజను ఆపి పేపరు చదువుకుంటాడు. ఈమధ్య కొందరు అతన్ని చూసి ఆపకుండానే పోతున్నారు. కట్టు తప్పితే కాలే తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పేసింది.

ఇక బస్సు సంగతి. కోల్చపాంపాలో భూమి ఉన్న ప్రతి కుటుంబం, నగరంలో ఎంతకాలంగా ఉంటున్నా సరే, వంతు వచ్చినప్పుడు ఒక ఏడాది ఊరి పెద్దరికం మొయ్యాలి. మొయ్యకపోతే పొలం ఊరిదైపోతుంది. జనాభా లెక్కల ఏడాదే సబీనా ఇంటికి వంతొచ్చింది. భర్త నడవలేడు. పెద్దరికానికి గుర్తుగా టోపీ పెట్టుకుని, భుజాన కొరడా వేసుకుని ఆమే వెళ్లింది. లెక్కల రోజున దేశంలో ఎవరూ కదలకూడదు, ఎక్కడ దొరికినవాళ్లని అక్కడే రాసుకుంటారు. ఊరికొచ్చే ప్రభుత్వ సొమ్ము తలల్ని బట్టి వస్తుంది. అందుకని ఊరి సభలో తీర్మానించారు: ఆ రోజు ఊళ్లో కనపడనివాళ్లకి ఊళ్లో పొలం లేదు. ఊరి పెద్దగా సబీనా ఆ మాట పేట అధ్యక్షురాలు సబీనాకి తెలియజేసింది. అధ్యక్షురాలు విని, బస్సులు మాట్లాడింది.

ఆ రోజు ఊళ్లో తిరునాళ్లే. ఒంటిగది మట్టి ఇళ్లలో ఒకరి కాళ్లు ఒకరి మొహానికి తగిలేలా పడుకున్నారు. ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారని లెక్కల పంతులు గుమ్మంలో నిలబడి అడిగితే, లోపలనుంచి వరసగా పేర్లు వస్తూనే ఉన్నాయి. పంతులు మధ్యలో ఒకసారి సూపు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

కబురు తెచ్చింది సబీనా చెల్లెలి కొడుకు ఇల్మెర్. సమాజశాస్త్రం చదువుతూ సగంలో మానేశాడు. పాఠం చెప్పేవాడికి నాకంటే విసుగ్గా ఉందన్నాడు, అంతే. ఇప్పుడు మున్సిపాలిటీలో జనాభా పట్టికలు చూసి, ఎక్కువ మంది ఉన్న పేటకి ముదురు రంగు, తక్కువ మంది ఉన్నచోట లేత రంగు వేసి పటాలు గీస్తాడు.

"పెద్దమ్మా, మన పేట తెల్లగా వచ్చింది."

"మంచిదేగా."

"తెలుపంటే మనుషులు లేరని. పక్క పేట నల్లగా ఉంది. కేంద్రం వాళ్లకే."

పక్క పేటవాళ్లు గనులు మూతపడి వచ్చినవాళ్లు. తిరిగి వెళ్లడానికి వాళ్లకి ఊరు లేదు, కాబట్టి ఇంట్లోనే కూర్చున్నారు.

"ఇన్ని ఇళ్లున్నాయి కదరా?"

"అదే తమాషా. ఇళ్ల పట్టికలో అన్నీ ఉన్నాయి. కరెంటు, మరుగుదొడ్డి, గ్యాసు పొయ్యి, అన్నీ. అన్నిటికీ తాళం. మనది మనుషుల్లేని ఇళ్లు, కోల్చపాంపాది ఇళ్లు లేని మనుషులు. అక్కడ పడుచు ఆడవాళ్లు అంతమంది ఉన్నారని ఊరికి ప్రసూతి గది కడుతున్నారు."

సబీనా ఆలోచించింది. ఏడాది పొడుగునా ఊళ్లో ఉండే ఆడవాళ్లలో అందరికంటే చిన్నది దోన్యా ఆస్తేరియా. ఆమె మనవరాలికే పెళ్లయింది.

"అక్కడ ఎవరు కంటారు పెద్దమ్మా?"

"కట్టనీ. ఆలుగడ్డలు పెట్టుకుంటారు."

ఒక దారి మాత్రం ఉందని ఇల్మెర్ చెప్పాడు. తాళం ఉన్న ఇళ్లని మళ్లీ చూడమని పేట అడిగితే, మున్సిపాలిటీ ఇంజనీరమ్మ వచ్చి తలుపు తలుపుకీ తిరుగుతుంది. మనుషులుంటే పటానికి రంగు మారుతుంది. సబీనా మర్నాడే మెట్ల మీద కూర్చుంది. ఆదివారం వస్తామన్నారు. అదే ఆదివారం ఊళ్లో ప్రసూతి గది ప్రారంభం. ఊరు నిండుగా కనపడాలి, ఎవరూ మానకూడదని పెద్దలంతా తీర్మానించారు. ఆ తీర్మానం కింద సబీనా సంతకం కూడా ఉంది.

ఫుట్‌బాల్ కోర్టులో సభ అందుకే.

"ఇంట్లో ఉంటే ఊళ్లో పొలం పోతుంది. ఊరెళితే ఇక్కడ మనం లేనట్టే. ఇంతకీ ఆ రోజు నువ్వెక్కడుంటావు? అది చెప్పు ముందు," అన్నాడు సిర్పా.

పక్కన కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్న తియోదోసియో గొణిగాడు: "కాలు పోతే పోనీ. మా నాన్న పొలం పోగొట్టకే."

"కాలు లేనివాడికి పొలం ఎందుకయ్యా?" అంది సబీనా. తర్వాత సభ వైపు తిరిగి, "నేను ఇంట్లోనే ఉంటా. బస్సు డ్రైవరు ఊరివాడు, ఎవరెక్కడున్నారో అక్కడ చెప్పేది వాడే. కాబట్టి బయటనుంచి తాళం వేసుకుందాం. వాడొచ్చి తాళాలు చూసి, ముందే బయల్దేరాం అనుకుని పోయి, ఊళ్లో అదే చెబుతాడు. తర్వాత తాళాలు తీద్దాం," అంది.

"బయటనుంచి తాళం ఎవరు వేస్తారు?"

"సిర్పా వేస్తాడు, వేసి ఎక్కడైనా దాక్కుంటాడు. గోడలు దూకే వయసు వాడికింకా ఉంది."

మొదటిసారి సిర్పా కూడా నవ్వాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆదివారం పొద్దున్నే తాళాలు పడ్డాయి. లోపల జనం మాట్లాడకుండా కూర్చున్నారు. తొమ్మిదింటికి రావాల్సిన బస్సు రాలేదు. ప్రారంభానికి తీసుకెళ్తున్న బాజావాళ్లలో ఒకడు తాగి పడిపోతే వాడికోసం ఆగింది. పదిన్నరకి రావాల్సిన మున్సిపాలిటీ జీపు తొమ్మిదింటికే వచ్చింది. ఇలాంటిది ఈ పేటలో ఎన్నడూ జరగలేదు, కాబట్టి ఎవరూ ఊహించలేదు. చేతిలో తాళంచెవుల గుత్తితో సిర్పా తన కొట్టు వెనక దాక్కున్నాడు. జీపు చప్పుడు విని అదే బస్సనుకున్నాడు.

ఇంజనీరమ్మ ముందు నడిచింది, ఇల్మెర్ వెనక నడిచాడు. ఒక తాళం, దాని పక్కన ఇంకో తాళం. "పట్టిక బాగానే ఉందే," అంది ఆమె. "తప్పేమీ లేదు."

"సూపు వాసన రావట్లేదా మేడం?"

"వాసన రాసుకోవడానికి గడి లేదు."

ఇల్మెర్ పరిగెత్తుకెళ్లి పెద్దమ్మ ఇనప తలుపు బాదాడు. "పెద్దమ్మా! వచ్చేశారు! తలుపులు తీయండి!"

"అరవకు. తాళంచెవులు సిర్పా దగ్గరున్నాయి," అంది లోపలి గొంతు. "బస్సు వచ్చి వెళ్లిందా?"

"లేదు!"

"అయితే తీయకూడదు."

"మరి ఎలా రాసుకోవాలి?"

లోపల ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. తర్వాత తలుపు కింద సందులోంచి ఒక గుర్తింపు కార్డు బయటికొచ్చింది. సబీనాది. దాని వెనకే తియోదోసియోది. లోపలనుంచి ఆమె పక్కింటి గోడ మీద గరిటెతో కొట్టి ఏదో చెప్పింది. పక్కింటి తలుపు కిందనుంచీ కార్డులు వచ్చాయి. తర్వాత ఆ పక్కింటినుంచి. వీధి పొడుగునా తాళాలు తాళాల్లాగే ఉన్నాయి, గుమ్మాల ముందు మాత్రం ఫొటోల్లో మొహాలు ఆకాశం చూస్తూ పడున్నాయి. ఒక ఇంటినుంచి కార్డుతో పాటు వేలు కూడా బయటికొచ్చి ఊగింది.

ఇంజనీరమ్మ కలం మూత కొరికింది. మనుషులు ఉన్నారు, ఇంటికి తాళం వేసి ఉంది. రెంటినీ కలిపి రాయడానికి పట్టికలో చోటు లేదు. చివరికి వంగి ఒక కార్డు తీసుకుంది. "సరే. చదువు," అంది ఇల్మెర్‌తో. "ఉన్నవాళ్లని ఉన్నట్టే రాద్దాం."

వీధి చివర బస్సు హారను వినపడింది. బాజా వాయిస్తున్నారు, ఒక వాయిద్యం తక్కువగా.

సబీనా తలుపుకి దగ్గరగా జరిగినట్టుంది. గొంతు తగ్గించి కింది సందులోంచి మాట్లాడింది.

"ఇల్మెర్, నన్ను ఇక్కడే రాయి నాయనా. మీ పెదనాన్న పేరు కూడా ఇక్కడే. ఇప్పుడు ఆ బస్సువాడు వచ్చి అడుగుతాడు. మా పెద్దమ్మ ఇంటికి తాళం ఉందని చెప్పు. కళ్లారా చూశావుగా."