కుంకుమ రాలే కమాన్

ఎల్లప్ప మేస్త్రి సిమెంటును తిట్టని రోజు మా గల్లీలో ఎవరికీ గుర్తులేదు. లాల్‌దర్వాజాలో మా ఇంటికి ఎదురిల్లు అతనిది. వాళ్ళ నాన్న మొగులయ్య పాత దేవిడీలకు, అంటే నవాబుల కాలపు భవంతులకు మరమ్మతులు చేసి బతికినవాడు. కొడుక్కి ఆస్తి అంటూ ఏమీ ఇవ్వలేదు కానీ డంగు సున్నం ఎలా నూరాలో, పాత రాయికి అతుకు ఎలా వేయాలో నేర్పి పోయాడు. బేగంబజారు నుంచి బెల్లం, కరక్కాయలు తెచ్చి నానబెట్టి, ఆ నీళ్ళు పోస్తూ సున్నమూ ఇసుకా గానుగలో వెన్నలా నలిగేదాకా తిప్పించేవాడు ఎల్లప్ప. తొందరపెడితే కస్సుమనేవాడు.

"సున్నం నీళ్ళు తాగుతది, మల్ల కక్కుతది. సిమెంటు కక్కనియ్యది. గప్పుడు నీళ్ళన్నీ రాయిలకెల్లే ఎల్లాలె. రాయి ఎన్ని దినాలు ఓర్సుకుంటది? లోపల్లోపల పిండైతది" అనేవాడు. వినీ వినీ మాకా పాఠం కంఠతా వచ్చేసింది. చెప్పినవాడే దాన్ని తప్పుతాడని మాత్రం ఎవరమూ అనుకోలేదు.

మా గల్లీ మొదట్లో ఎర్ర ఇసుకరాయి కమాన్ ఒకటి ఉండేది. ఎప్పటిదో జాగీర్దారు దేవిడీకి అది ముఖద్వారం. దేవిడీ కూలిపోయింది, కమాన్ మిగిలింది. ఆషాఢంలో మా ఆడవాళ్ళు బోనాలెత్తుకుని దాని కిందినుంచే మహంకాళి గుడికి వెళ్ళేవారు. 1970 ఎండాకాలంలో ఒక లారీ వెనక్కి వస్తూ దాన్ని గుద్దింది. వంపులో ఐదు రాళ్ళు కదిలాయి. బోనాల కమిటీ పెద్ద రామ్‌చందర్ పాల వ్యాపారి. పని ఎల్లప్పకు అప్పగించాడు.

ఎల్లప్ప కింద కట్టెలతో సెంట్రింగు కట్టి, కదిలిన రాళ్ళు దింపాడు. పగిలిన రెండింటికి బదులు ఆ దేవిడీ పాత గోడలోంచే అదే రంగు, అదే రవ్వ ఉన్న రాళ్ళు వెతికి తెచ్చి చెక్కాడు. పాత రాయికి పాత రాయే సోపతి అనేవాడు. అన్నీ సున్నంతో పేర్చాడు. అంతలో వానలు ముందే దిగాయి. తడికి సున్నం గట్టిపడలేదు. బోనాలు ఎనిమిది రోజులున్నాయి, దారికి అడ్డంగా కట్టెలున్నాయి.

"ఇంకో నెల దినాలు కట్టెలు తియ్యొద్దన్నా" అన్నాడు ఎల్లప్ప.

"అమ్మవారు నీ సున్నం కోసం ఆగుతదా ఏంది?" అన్నాడు రామ్‌చందర్. "ఐతారం నాడు బోనాలు పోవాలె. నీతోని కాదంటే చెప్పు, సిమెంటు మేస్త్రీలు మస్తు మంది ఉన్నరు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వాన పడకుండా అని చెప్పి ఎల్లప్ప కమాన్ చుట్టూ గోనెపట్టాలు కట్టించాడు. మూడు రోజులు లోపల ఒక్కడే పనిచేశాడు. పచ్చిసున్నం గీకి పారేసి సందుల్లో సిమెంటు కూరాడు. శనివారం కట్టెలు తీస్తే కమాన్ రవ్వంత కూడా కదల్లేదు. సున్నం మహిమ అంటూ గల్లీ అంతా మెచ్చుకుంది. నేను కూడా అతని భుజం తట్టాను. ఆ ఏడు కమాన్ కింద మొదటి బోనం మేస్త్రి భార్య సత్తెమ్మే ఎత్తాలని కమిటీ తీర్మానించింది. తరువాత అదే ఆనవాయితీ అయింది.

1974లో తొలకరి పడ్డాక కమాన్ కింద నేల మీద ఎర్రటి పొడి కనిపించింది. ఎల్లప్ప నిచ్చెన వేసుకుని ఎక్కి గోటితో గీకాడు. రాయి పైపొర ఊడి చేతిలోకి వచ్చింది. సిమెంటు గీతలు మాత్రం గట్టిగా బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి. వాటి మధ్య రాయి లోపలికి తరిగిపోతోంది. అతనికి సంగతంతా అర్థమైంది. ఆనాడే నోరు విప్పి ఉంటే గోటితో పోయేది, గొడ్డలిదాకా వచ్చేది కాదు.

ఆ ఏడు బోనాల ఆదివారం సత్తెమ్మ కమాన్ కిందికి రాగానే డప్పుల అదురుకు చిటికెడు ఎర్రపొడి ఆమె నెత్తిమీద రాలింది. "అమ్మ కుంకుమ రాల్చింది!" అని ఎవరో కేకవేశారు. రామ్‌చందర్ దాన్ని వేలితో తీసి నుదుట పెట్టుకున్నాడు. ఇక చెప్పాలా! మరుసటి ఏడు పక్క గల్లీల వాళ్ళూ వచ్చారు. తల్లులు చంటిపిల్లల్ని కమాన్ కింద నిలబెట్టారు. ముసలమ్మలు ఆ పొడిని పొట్లాలు కట్టుకుపోయి పూజగూట్లో పెట్టుకున్నారు. ఏటేటా పొడి ఎక్కువ రాలింది, ఏటేటా భక్తి ముదిరింది.

ఎల్లప్ప కుడితిలో పడ్డ ఎలుక అయ్యాడు. నిజం చెబితే తన పేరు పోతుంది, అమ్మవారి కుంకుమ ఉత్త మట్టి అవుతుంది, సత్తెమ్మ మొదటి బోనం పోతుంది. ఈ ఏడు బోనాలు కానీ, తరువాత చెబుదాం అనుకునేవాడట. సత్తెమ్మ కమాన్ కింద నడుస్తుంటే అతను గోడ పక్కన నిలబడి, బోనం వంక కాక పైరాళ్ళ వంకే చూసేవాడు. ఆమె అవతలికి వచ్చేదాకా ఊపిరి తీసేవాడు కాదు. నేను అది భక్తి అనుకున్నాను. నాకు ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

1983లో బోనాలు వారం ఉన్నాయనగా వంపు నడిమి రాయి రెండు వేళ్ళ మేర కిందికి దిగింది. ఎల్లప్ప తాపీ మొనతో పొడిస్తే అది పిడిదాకా రాయిలోకి దిగిపోయింది. ఆ మధ్యాహ్నమే దన్నుగా కట్టెలు పెట్టాడు. సాయంత్రానికి రామ్‌చందర్ వాటిని పీకించాడు.

"అమ్మ దర్వాజకు కట్టెలేంది? పోయిన ఏడు నా మనుమడికి జరం తగ్గింది గీ కుంకుమతోనే."

"పడతదన్నా. నా మాట ఇను."

"నువ్వు కట్టిందే కదా, ఎట్ల పడతది?"

దానికి ఎల్లప్ప దగ్గర ఒకే జవాబు ఉంది. అది చెప్పకుండా పీకిన కట్టెలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. ముందు డప్పులు, వెనక పసుపు చీరలో సత్తెమ్మ, ఆమె నెత్తిన దీపం వెలుగుతున్న బోనం, ఆమె వెనక నలభైమంది ఆడవాళ్ళు. ముసురుపట్టి ఉంది. కమాన్ ఇంకా పది అడుగులుందనగానే డప్పుల చప్పుడుకు పైనుంచి ఎర్రపొడి ధారగా రాలడం మొదలైంది. జనం దండాలు పెడుతున్నారు. ఎల్లప్ప పరుగున వచ్చి చేతులు చాచి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవ్వలు రావొద్దు! గది కుంకుమ గాదు, రాయి పొడి. సున్నమని చెప్పి నేను సిమెంటు పెట్టిన. లోపలంత పిండైంది. నేనే చేసిన!"

డప్పులు ఆగిపోయాయి. "తాగి వచ్చిండు" అన్నాడొకడు. రామ్‌చందర్ కొట్టడానికి చెయ్యెత్తాడు. సత్తెమ్మ మొగుడి మొహంలోకి చూసింది. నెత్తిన బోనం ఉంది కాబట్టి మెడ తిప్పలేదు, ఒళ్ళంతా తిప్పుకుని వెనకగల్లీ వైపు నడిచింది. మొదటి బోనం ఎటు పోతే మిగతావీ అటే పోవాలి. అందరూ ఆమె వెంట కదిలారు.

గురువారం మిట్టమధ్యాహ్నం వానలో కమాన్ కూలింది. నయాపూల్‌లో కోర్టు పని చూసుకుని నేను గల్లీ మలుపు తిరుగుతున్నాను. ఆ చప్పుడు విని పరుగెత్తాను. ఖాళీ తోపుడుబండి ఒకటి దాని కింద నుగ్గు అయింది. దేవుడి దయ, మనిషి ఎవడూ లేడు. ఎర్రటి బురద మధ్య సిమెంటు పెచ్చులు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

సాయంత్రం గల్లీ అంతా ఎల్లప్ప ఇంటి అరుగు మీద చేరింది. రామ్‌చందరే వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. "నలభై పానాలు నిలబెట్టినవ్ ఎల్లప్పా. నీ అసుంటి మేస్త్రి హైద్రాబాద్‌ల లేడు" అన్నాడు. అందరం తలూపాం. చాలా రోజులకు ఎల్లప్ప మొహం కాస్త తేటపడింది. సున్నం నీళ్ళు ఎలా తాగుతుందో, ఎలా కక్కుతుందో మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.

సత్తెమ్మ లోపలినుంచి చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చింది. చివరికి మొగుడి ముందు ఆగింది.

"ఏమయ్యా, గది కుంకుమ గాదని నీకెప్పుడెరుక?"

"డెబ్బై నాలుగుల" అన్నాడు ఎల్లప్ప.

ఆమె పళ్ళెం కింద పెట్టి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. డెబ్బై నాలుగు, డెబ్బై ఐదు, డెబ్బై ఆరు. ఐదో వేలి దగ్గర ఆగింది.

"డెబ్బై ఎనిమిదిల సుశీలను చంకల ఎత్తుకొని నడిచిన. నెత్తిన బోనం, చంకల నీ బిడ్డ. నువ్వు పక్కకు నిలవడి చూసినవ్."

ఆమె ఇంకో నాలుగు వేళ్ళు మడిచి, "తొమ్మిదిసార్లు" అని లోపలికి వెళ్ళిపోయింది. మేమంతా లేచి చెప్పులు తొడుక్కున్నాం.