వెల్లుల్లి శిక్ష

పోయిన నెల ఒక పొద్దున నందిగామలో పిల్లల్ని బడికి తయారుచేస్తుంటే జగ్గయ్యపేట నుంచి నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందమ్మా" అన్నాడు, అంతే. వెనకాల టీవీలో వార్తలు మోగుతూనే ఉన్నాయి. కాఫీ గ్లాసు పట్టుకుని, వార్తలు చూస్తూ చూస్తూ కుర్చీలోనే వెళ్ళిపోయిందట. అడిగి ఉంటే తనూ ఇట్లాంటి చావే కోరుకునేది.

మా మేనత్త నాన్నకీ బాబాయికీ అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తల్లి లేని తమ్ముళ్ళిద్దర్నీ పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది, రెండు కాపురాల్నీ ఒకే వంటింట్లో నడిపింది. ఆవిడకి వార్తలంటే ప్రాణం. బియ్యంలో రాళ్ళేరుతూ టీవీతో మాట్లాడేది. వార్తలు చదివే అమ్మాయి ముఖం కాస్త పీక్కుపోయి ఉంటే తిన్నావా అని అడిగేది. మంత్రిగారెవరైనా హామీ ఇస్తే "అట్లాగే నాయనా, చూద్దాంలే" అని చేట దులిపేది.

టీవీ మోగుతున్నా కంచాల ముందు మాత్రం వార్తల మాట నిషిద్ధం. నోట్ల రద్దయినా, ఎన్నికలైనా, ఎవరు ఆ ఊసెత్తితే వాళ్ళు భోజనమయ్యాక చేటెడు వెల్లుల్లి వలవాలి. పొట్టు ఎగురుతుందని ఫ్యాను కూడా ఆపేయించేది. చెమటలు కక్కుతూ వలవాల్సిందే. మా ఇంట్లో మగవాళ్ళందరికీ చిటికెలో వెల్లుల్లి వలవడం వచ్చిందంటే అది ఆ శిక్ష చలవే.

నేను కాలేజీలో ఉండగా ఒక ఎండాకాలం సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. నాన్న బస్తాలు నింపే చోట కాంట్రాక్టు కూలీ. బాబాయి అదే ఫ్యాక్టరీలో పర్మినెంటు ఎలక్ట్రీషియను. నాన్న గేటు ముందు టెంటులో కూర్చునేవాడు, బాబాయి ఆయన ముందు నుంచే తల దించుకుని లోపలికి పోయేవాడు. అత్త ఇద్దరికీ ఒకే కూర క్యారియర్లలో సర్ది పంపేది. రెండు వారాలు అన్నదమ్ములకి మాటల్లేవు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

ఒక సాయంత్రం అన్నాలు తింటుంటే, కార్మిక చట్టాల మీద దేశమంతా సమ్మె అని టీవీలో చెప్పారు. సిగ్గున్నవాడెవడూ రేపు పనికి పోడని నాన్న తన కంచంతో అన్నాడు. పిల్లల ఫీజులు నువ్వు కడతావా అని బాబాయి గోడనడిగాడు. మాటా మాటా పెరిగింది. బాబాయి సగం అన్నం మీద లేచి, మర్నాడే నందిగామలో అద్దె ఇల్లు చూసుకుంటానన్నాడు. పిన్ని ఏడుపు మొదలెట్టింది. మా ఇల్లు రెండు ముక్కలైపోయిందనే అనుకున్నాను.

అత్త అరవలేదు. చేతులు కడుక్కురమ్మని చెప్పి ఫ్యాను ఆపింది. ఇద్దరి మధ్యా చేట తెచ్చి పెట్టింది.

"ఇల్లు రేపు చూద్దువుగానిలేరా. ముందు ఇది వలు. ఆవకాయలోకి కావాలి."

ఎంత కోపమున్నా అక్క మాట తోసెయ్యడం ఇద్దరికీ చేతకాదు. చెరో పక్కన కూర్చున్నారు. కాసేపటికి నాన్న ఉస్సుమని చెయ్యి విదిలించాడు. బాబాయి తలెత్తాడు. సిమెంటు తినేసిన నాన్న వేళ్ళన్నీ పగుళ్ళు, వెల్లుల్లి రసం తగిలి మండుతున్నాయి.

"చేతులు ఇట్లా అయినాయేంటి అన్నయ్యా?"

"బస్తాలు పట్టే చేతులు ఇంకెట్లా ఉంటాయిరా?"

బాబాయి నాన్న ముందున్న గడ్డలన్నీ తన వైపుకి లాక్కున్నాడు. మొత్తం ఒక్కడే వలిచాడు. మర్నాడు ఇల్లు చూడ్డానికి పోలేదు. టెంటు దగ్గర ఆగి, తన యూనియన్ వాళ్ళు నలుగుర్ని వెంటబెట్టుకుని పూటంతా నాన్న పక్కనే కూర్చున్నాడు. సమ్మె సగమే గెలిచింది. పర్మినెంటు చెయ్యలేదు గానీ వారానికో సెలవూ, చేతులకి తొడుగులూ ఇచ్చారు. ఆ తొడుగులు చూసి అత్త మురిసిపోయింది, తనే సాధించినట్టు.

అసలు సంగతి నా పెళ్ళప్పుడు చెప్పింది. ఆ ఏడు ఆవకాయ అంతకు వారం ముందే జాడీకెత్తేసిందట. ఆ వెల్లుల్లి పక్కింటావిడది. "వాళ్ళని ఒకచోట కూలెయ్యడానికి నాకింకేం దొరికిందే?" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నా కాపురంలోనూ ఆ చేట చిట్కా చాలాసార్లు పనికొచ్చింది. అత్తా, నీ రుణం నేను తీర్చుకోలేను.

పెద్దకర్మ అయిన మర్నాడు అందరం అన్నాలకి కూర్చున్నాం. టీవీలో మళ్ళీ కార్మిక చట్టాల గొడవే. నాన్న ఏదో అన్నాడు, బాబాయి కాదన్నాడు. గొంతులు లేచాయి. ఉన్నట్టుండి ఇద్దరూ ఆగిపోయి వంటింటి వైపు చూశారు.

ఎవరూ రాలేదు.

బాబాయే లేచి చేట తెచ్చాడు. నాన్న చెయ్యి చాపబోతే "నువ్వుండన్నయ్యా" అని తన వైపు లాక్కున్నాడు. నాన్న నవ్వాడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి. ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు. వెల్లుల్లి పొట్టు తెల్లగా పైకి లేచి గదంతా తిరిగి, అత్త కుర్చీలో వాలింది.